డెల్టా పిల్లలకు సాహస విద్య: కొండకన్నా ముందు నీరు

2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు శిఖరం ఎక్కారు. ఇద్దరూ అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు నిండలేదు. ఆనంద్‌ది ఖమ్మం జిల్లా. సరిగ్గా రెండు వారాలకు, జూన్ 8న, హైదరాబాద్‌కు చెందిన 24 మంది ఇంజినీరింగ్ విద్యార్థులు హిమాచల్‌లోని బియాస్ నదిలో కొట్టుకుపోయారు. ఎగువన లార్జీ ఆనకట్ట నుంచి నీళ్ళు వదిలిన సంగతి నదిలో రాళ్ళమీద ఉన్న ఆ పిల్లలకు తెలియలేదు. మొదటి వార్త విన్నవాళ్ళు ప్రతి బడిలోనూ పిల్లలను కొండలెక్కించాలన్నారు. రెండోది విన్నవాళ్ళు అసలు పిల్లలను గడప దాటించరాదన్నారు. రెండు తీర్మానాలూ తొందరపాటువే. ఎవరెస్టు యాత్ర వెనక నెలల తరబడి సాగిన శిక్షణ ఉంది. బియాస్ ఒడ్డున ఆగినవాళ్ళకు ఆ నది స్వభావం చెప్పినవాళ్ళు లేరు. బడి గోడల బయట, జట్టుగా, చేతులతో చేసి నేర్చుకునే చదువు గురించి గత ఎనభై ఏళ్ళలో పోగైన అనుభవాన్నీ పరిశోధననూ కలిపి చూస్తే ఒక సంగతి తేలుతుంది. ఈ చదువులో పిల్లలను మార్చేది భయమూ కాదు, థ్రిల్లూ కాదు. ఒకరి భద్రత ఇంకొకరి చేతిలో ఉండే నిజమైన పని, ఆ పని గురించి తర్వాత కూర్చుని మాట్లాడుకోవడం, దాన్నే మళ్ళీ చేయడం. ఇది ఒప్పుకుంటే ఉయ్యూరు లాంటి కృష్ణా డెల్టా ఊరికి ఆ నిజమైన పని ఎక్కడుందో వెతకనక్కరలేదు. అది నీళ్ళలో ఉంది.

ఆధునిక సాహస విద్య పుట్టింది కూడా నీళ్ళ కోసమే. నాజీ జర్మనీ నుంచి బ్రిటన్‌కు వచ్చిన విద్యావేత్త కర్ట్ హాన్ 1934లో స్కాట్లండ్‌లో గోర్డన్‌స్టన్ బడి పెట్టాడు. రెండో ప్రపంచయుద్ధం నడుమ, 1941లో, ఓడల కంపెనీ యజమాని లారెన్స్ హోల్ట్‌తో కలిసి వేల్స్ తీరాన అబర్‌డోవీలో మొదటి ఔట్‌వర్డ్ బౌండ్ శిక్షణాలయం తెరిచాడు. జలాంతర్గాముల దాడిలో ఓడ మునిగితే లైఫ్‌బోట్లలో బతికి బయటపడేవాళ్ళలో వయసు మళ్ళిన నావికులే ఎక్కువని, బలమున్న కుర్రవాళ్ళు ముందే చేతులెత్తేస్తున్నారని హోల్ట్ వాదన. ఒంటి బలం ఒక్కటీ చాలదనీ, కష్టంలో నిలబడటం, పక్కవాడిని నిలబెట్టడం నేర్పాలనీ అనుకున్నారు. చిన్న జట్లు, పడవలు, కొండనడక, రక్షణ సాధన కలిపి సుమారు నెల రోజుల పాఠం తయారైంది. తర్వాతి కాలంలో ఆ నమూనా ప్రపంచమంతా పాకింది కానీ, పాకే కొద్దీ దాని ప్రయోజనం మసకబారింది. ఇవాళ పెద్ద నగరాల చుట్టూ రిసార్టులలో జరిగే ఒక్కరోజు అడ్వెంచర్ క్యాంపుల్లో తీగమీద జారే పిల్లవాడు తనకు తానుగా నిర్ణయించేది ఏమీ ఉండదు. బెల్టు సిబ్బంది కడతారు, కొక్కెం సిబ్బంది తగిలిస్తారు, దిగువన సిబ్బందే పట్టుకుంటారు. పక్కవాడి అవసరం అతనికి ఒక్క క్షణమూ రాదు. అది సరదా ఆట, తప్పులేదు. దాన్ని విద్య అని రుసుము వసూలు చేయడమే తప్పు.

పరిశోధనలు ఏమంటున్నాయో ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. 1997లో జాన్ హ్యాటీ, ఆయన సహచరులు సాహస విద్య మీద అప్పటిదాకా వచ్చిన 96 అధ్యయనాలను కలిపి సమీక్షించారు. పాల్గొన్నవాళ్ళ సంఖ్య పన్నెండు వేల పైచిలుకు. ఆత్మవిశ్వాసం, స్వీయనియంత్రణ, నాయకత్వం వంటి అంశాల్లో కలిపి సగటు ప్రభావం 0.34గా తేలింది. అంటే ఒక ప్రామాణిక విచలనంలో మూడో వంతు. తరగతి గదిలో చేపట్టే మంచి మార్పులు సాధారణంగా ఇచ్చే ఫలితం కూడా ఇంచుమించు ఆ మాత్రమే కనుక ఇది అద్భుతమేమీ కాదు. గమనించాల్సినవి ఇంకో రెండున్నాయి. శిక్షణ ముగిశాక కొన్ని నెలలకు మళ్ళీ కొలిస్తే ఆ మేలు తరిగిపోలేదు సరికదా, మరో 0.17 పెరిగింది. బడిలో చేపట్టే చాలా కార్యక్రమాల ఫలితం కాలంతో కరిగిపోతుంది కాబట్టి ఇది అరుదైన లక్షణం. రెండోది, ఇరవై రోజులు దాటిన శిక్షణలు పొట్టి శిక్షణలకన్నా ఎక్కువ మేలు చేశాయి. మరోవైపు, ఇంగ్లండ్‌లోని ఎడ్యుకేషన్ ఎండోమెంట్ ఫౌండేషన్ ఒకప్పుడు సాహస విద్య వల్ల చదువులో నాలుగు నెలల అదనపు పురోగతి ఉంటుందని అంచనా కట్టి, నాణ్యమైన అధ్యయనాలు చాలినన్ని లేవని తర్వాత ఆ అంకెనే వెనక్కి తీసుకుంది. కొలతల్లో చాలా భాగం పిల్లలు తమ గురించి తాము చెప్పుకున్న జవాబులే. క్యాంపు ముగిసిన ఉత్సాహంలో ఎవరైనా తమకు ఎక్కువ మార్కులే వేసుకుంటారు. కాబట్టి దీనివల్ల గణితంలో మార్కులు పెరుగుతాయని తల్లిదండ్రులకు మాట ఇవ్వడం మోసం. జట్టులో మెలగడం, తన మీద తనకు పట్టు, కష్టం వచ్చినప్పుడు ఆగి ఆలోచించడం మెరుగవుతాయని చెప్పడానికి మాత్రం ఆధారముంది, అదీ శిక్షణ తగినంత కాలం సాగితేనే.

ఇంత ప్రభావమైనా ఎలా వస్తుంది? మన గురుకులాల అనుభవమే ఇక్కడ మంచి ఉదాహరణ. అప్పటి గురుకులాల సొసైటీ కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్, పర్వతారోహణ శిక్షకుడు శేఖర్ బాబు బచినేపల్లి చేపట్టిన కార్యక్రమంలో వందకు పైగా పిల్లలు భువనగిరి ఏకశిల మీద రాతి ఎక్కుడు నేర్చుకున్నారు. వాళ్ళలో ఇరవై మంది డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్ళారు; తర్వాత లడఖ్ చలిలో సాధన జరిగింది. చివరికి శిఖరం చేరింది ఇద్దరు. పత్రికలు ఆ ఇద్దరినే చూశాయి. విద్య గురించి ఆలోచించేవాళ్ళు చూడవలసింది భువనగిరి బండ దగ్గరి ఆ వంద మందిని. రాతి ఎక్కుడులో ఒకరు పైకి పోతుంటే కింద ఇంకొకరు తాడు పట్టుకుని నిలబడతారు. ఎక్కేవాడి ప్రాణం తాడు పట్టినవాడి చేతిలో ఉంటుంది. కాసేపటికి ఇద్దరూ స్థానాలు మార్చుకుంటారు. శ్రద్ధ పెట్టమని గంటసేపు ఉపన్యాసం చెప్పినా రానిది ఆ అరగంటలో వస్తుంది, ఎందుకంటే పరధ్యానం ఫలితం అక్కడికక్కడే కనిపిస్తుంది. టీచర్ మెప్పుకోసమో మార్కుకోసమో చేసే పనికి ఈ గుణం ఉండదు. శిఖరాన్నే కొలమానం చేసుకుంటే మాత్రం ఇదీ ర్యాంకుల చదువే అవుతుంది. ఇద్దరి ఫొటో ఫ్లెక్సీ మీదికెక్కుతుంది, మిగిలినవాళ్ళు లెక్కలోకి రారు. విజయవాడ చుట్టుపక్కల ఐఐటీ, నీట్ ఫలితాల కాలంలో గోడలనిండా కనబడే దృశ్యమే అది. పద్నాలుగేళ్ళు నిండని బాలికను ఎనిమిదివేల మీటర్లు దాటించడం సబబా అన్న ప్రశ్న అప్పుడే వచ్చింది. నేపాల్ వైపు నుంచి పదహారేళ్ళలోపు వారికి అనుమతి లేదు కాబట్టి ఆ యాత్ర టిబెట్ వైపు నుంచి సాగింది. ఆ అభ్యంతరంలో బలముంది. కానీ అది శిఖరానికి తగిలే అభ్యంతరం, భువనగిరి బండకు తగలదు.

జట్టు అన్నది ఇంకో కారణం వల్ల కూడా ముఖ్యం. 1954లో అమెరికాలోని ఓక్లహోమాలో ముజఫర్ షెరీఫ్ అనే సామాజిక మనస్తత్వవేత్త 22 మంది బాలురను వేసవి శిబిరంలో రెండు జట్లు చేసి పోటీలు పెట్టాడు. కొద్ది రోజుల్లోనే తిట్లు, జెండాలు తగలబెట్టడం, గదులమీద దాడులు మొదలయ్యాయి. రెండు జట్లనూ ఒకచోట కూర్చోబెట్టి భోజనం పెట్టినా, సినిమా చూపించినా పగ తగ్గలేదు. శిబిరానికి నీటి సరఫరా ఆగినప్పుడు, భోజనం తెచ్చే లారీ మొరాయిస్తే అందరూ కలిసి తాడుతో లాగవలసి వచ్చినప్పుడు తగ్గింది. అంత కొద్దిమంది పిల్లలతో జరిగిన ఒక్క ప్రయోగం నుంచి లోకమంతటికీ సూత్రం తీయలేం. శిబిరం నడిపినవాళ్ళే పరిస్థితులను కల్పించారన్న విమర్శా ఉంది. అయినా మన ఊళ్ళకు అందులో పనికొచ్చే సూచన ఉంది. ఒకే బడిలో చదివే పిల్లలు సాయంత్రానికి వేరువేరు పేటలకు, వేరువేరు కులాల వాడలకు చేరుకునే చోట, కలిసి ఉండమని చెప్పే నీతిపాఠం పెద్దగా పనిచేయదు. సరిసమానంగా నిలబడి, ఒకరు లేకుండా ఇంకొకరు పూర్తి చేయలేని పని చేసినప్పుడే ఆ దూరం తగ్గే అవకాశం ఉంది. తాడు అవతలి కొసను ఎవరు పట్టుకున్నారని కులం అడగలేని పరిస్థితి అది. అందుకే ఈ శిక్షణ ఒక్కొక్క వర్గానికి విడిగా నడిచే సంస్థల్లో కన్నా, అందరూ కలిసి చదివే ఊరి ఉన్నత పాఠశాలలో జరగడం ఎక్కువ ప్రయోజనం. జట్లను పిల్లల ఇష్టానికి వదలకుండా ఉపాధ్యాయులే కూర్చాలి కూడా.

సాహస విద్యమీద వచ్చిన అభ్యంతరాల్లో అన్నిటికన్నా లోతైనది భద్రతకు సంబంధించినది కాదు. కొండమీద ధైర్యంగా ఉన్న పిల్ల ఇంట్లోనూ, ఉద్యోగంలోనూ ధైర్యంగా ఉంటుందని నమ్మకం ఏమిటని ఆస్ట్రేలియా విద్యావేత్త ఆండ్రూ బ్రూక్స్ వంటివారు అడిగారు. మనిషి గుణం అన్నది సందర్భాన్ని బట్టి మారుతుందనీ, ఒకచోట కండబలంలా పెంచి ఇంకోచోట వాడుకునేది కాదనీ వాళ్ళ వాదన. ఔట్‌వర్డ్ బౌండ్ లోపల కూడా ఇదే చర్చ ఇంకో రూపంలో నడిచింది. తొలిరోజుల్లో అనుభవమే అన్నీ నేర్పుతుందని వదిలేసేవారు. తర్వాత ప్రతి పని ముగిశాక కూర్చుని, ఏం జరిగింది, ఎందుకు జరిగింది, మళ్ళీ చేస్తే ఏం మారుస్తాం అని చర్చించడం పద్ధతిగా మారింది. ప్రతి అనుభవమూ విద్య కాదని, కొన్ని అనుభవాలు చదువును అడ్డుకుంటాయని జాన్ డ్యూయీ 1938లోనే హెచ్చరించాడు. అయితే చర్చ పెట్టినంత మాత్రాన బ్రూక్స్ ప్రశ్నకు పూర్తి జవాబు రాదు. దానికి నిజాయితీగల జవాబు ఒక్కటే: ఒకచోట నేర్చింది ఇంకోచోటికి బదిలీ అవుతుందన్న ఆశమీద శిక్షణను నిలబెట్టకూడదు. నేర్పే పని ఆ పిల్ల బతికే చోటే నేరుగా అక్కరకొచ్చేదై ఉండాలి. గుణం పెరిగితే అది అదనపు లాభం. పెరగకపోయినా నైపుణ్యం మిగులుతుంది. ఉయ్యూరు పిల్లకు మంచుగొడ్డలి పట్టడం వస్తే అది ఆమె జీవితంలో ఎప్పుడో ఒకసారి వాడే విద్య. ఈత, తాడు విసరడం, తెప్ప కట్టడం, ప్రవాహాన్ని చూసి అంచనా వేయడం ఏటా పనికొచ్చే విద్యలు.

ఈ నేలను చూస్తే ఆ మాట బలపడుతుంది. విజయవాడ నుంచి బందరు పోయే దారిలో ఉయ్యూరు నల్లరేగడి మైదానం, కనుచూపు మేర వరి, చెరకు. 1941 నుంచి చక్కెర కర్మాగారం ఉన్న ఊరు. కొండ కావాలంటే ఇంద్రకీలాద్రి దాకానో కొండపల్లి దాకానో పోవాలి. నీరు మాత్రం అడుగడుగునా ఉంది. ఒకవైపు పుల్లేరు కాలువ, ఇంకోవైపు తోట్లవల్లూరు దగ్గర కృష్ణ, నది మధ్య లంకలు, ఊరూరా చెరువులు. ప్రకాశం బ్యారేజీ కింద సుమారు 13 లక్షల ఎకరాలను తడిపే ఈ కాలువల వ్యవస్థే డెల్టాకు అన్నం పెట్టింది, అదే ప్రమాదమూ తెచ్చింది. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమను ఊడ్చేసినప్పుడు పోయిన ప్రాణాలు వేలల్లో ఉన్నాయి. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా చనిపోయారు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగుకు గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్ చుట్టుపక్కల లక్షలమంది రోజుల తరబడి నీళ్ళలో చిక్కుకున్నారు; అదే సమయంలో బ్యారేజీ దగ్గర కృష్ణ ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరి పాత రికార్డులను దాటింది. ఒకప్పుడు డెల్టా పిల్లలు నడుముకు మునగబెండ్లో ఎండు సొరకాయ బుర్రలో కట్టుకుని పెద్దల కళ్ళెదుట ఈత నేర్చేవారు. కాలువల్లో మురుగు కలవడం, చెరువులు చేపల సాగుకు పోవడం, పిల్లల సాయంత్రాలు ట్యూషన్లకు పోవడం కలిసి ఆ అలవాటును తుంచేశాయి. నీటి పక్కనే పుట్టి నీరంటే తెలియని తరం తయారైంది.

ఈత నేర్పడం వల్ల ప్రాణాలు నిలుస్తాయనడానికి గట్టి ఆధారం మనలాంటి డెల్టా నుంచే వచ్చింది. బంగ్లాదేశ్ పల్లెల్లో స్విమ్‌సేఫ్ అనే కార్యక్రమం ఖరీదైన కొలనులు కట్టలేదు. ఊరి చెరువులోనే వెదురు మంచె దింపి, ఆ ఊరి యువతీయువకులకే శిక్షణ ఇచ్చి, పిల్లలకు మెట్టుమెట్టుగా నేర్పించింది. 25 మీటర్లు ఈదడం, అరనిమిషం తేలుతూ ఉండగలగడం, మునిగేవాళ్ళకు ఒడ్డునుంచే సాయమందించడం అందులో భాగాలు. 2012లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం ఇలా నేర్చుకున్న పిల్లల్లో నీటమునిగి చనిపోయే ప్రమాదం 90 శాతానికి పైగా తగ్గింది. ఈత వచ్చిన పిల్లలు దుడుకుగా లోతుకు పోయి ప్రమాదం కొనితెచ్చుకుంటారన్న భయానికి ఇంతకన్నా సూటి జవాబు ఉండదు. బడి వయసు పిల్లలకు ఈత, జలభద్రత నేర్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సిఫారసు చేసింది. భారతదేశంలో ఏటా ముప్ఫై వేలమందికి పైగా నీటమునిగి మరణిస్తున్నారని జాతీయ నేరగణాంకాల సంస్థ నివేదికలు చెబుతున్నాయి. హ్యాటీ సమీక్షలోని 0.34 గురించి పండితులు ఎంతైనా వాదించుకోవచ్చు. స్విమ్‌సేఫ్ ఫలితం దగ్గర ఆ వాదానికి చోటు చాలా తక్కువ.

ఇక భద్రత. పిల్లవాడికి ఏమైనా అయితే ఎవరు జవాబుదారీ అని ప్రధానోపాధ్యాయులు అడగడంలో పిరికితనం లేదు. మన వ్యవస్థలో నింద చివరికి వాళ్ళమీదే పడుతుంది. కానీ బియాస్ నుంచీ, పవిత్ర సంగమం నుంచీ తీయవలసిన పాఠం నీటికి దూరంగా ఉండమని కాదు. మొదటిచోట ప్రవాహం హఠాత్తుగా పెరుగుతుందన్న ఎరుక లేదు. రెండోచోట అనుమతిలేని పడవ ఎక్కించారు, లైఫ్ జాకెట్లు తొడిగించలేదు. పడవ ఎక్కబోయే ముందు జాకెట్ అడగడం, కిక్కిరిసిన పడవ ఎక్కనని చెప్పగలగడం కూడా నేర్చుకుంటే వచ్చే విద్యే. బడి నడిపే శిక్షణకు మాత్రం రాజీపడరాని నియమాలుండాలి. పారే కాలువలో కాకుండా లోతు కొలిచి తాళ్ళు కట్టిన చెరువులోనే మొదలుపెట్టాలి. కాలువల విడుదల వేళలు నీటిపారుదల శాఖ నుంచి ముందే తెలుసుకోవాలి. ఒక శిక్షకుడి కింద నలుగురైదుగురికి మించి నీళ్ళలో దిగకూడదు. ప్రథమ చికిత్స, కృత్రిమ శ్వాస తెలిసిన మనిషి ఒడ్డున ఉండాలి. వీటిలో ఒక్కటి కుదరకపోయినా ఆ రోజు శిక్షణ ఆపేయాలి. ప్రమాదం పూర్తిగా పోదు. నేర్పకపోతే ఉండే ప్రమాదం ఏ రిజిస్టరులోనూ ఎక్కదు కనుక అది లేనట్టు కనిపిస్తుంది, అంతే.

సమయం లేదన్నది రెండో అభ్యంతరం. ఇంటర్ కోచింగ్‌కు పేరుపడిన ప్రాంతంలో ఈ మాట బరువైనదే, తల్లిదండ్రుల ఆందోళనను ఎగతాళి చేసి ప్రయోజనం లేదు. అయితే అడుగుతున్నది ఆరు నుంచి తొమ్మిదో తరగతి వరకు ఏడాదికి కొన్ని రోజులు. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా గడపాలంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడులకు శనివారాన్ని నో బ్యాగ్ డేగా పాటించాలన్న నిర్ణయమూ జరిగింది. ఆ రోజులు క్విజ్‌లతో, డ్రాయింగ్ పోటీలతో నిండిపోకుండా కొన్నిటిని నీటికి కేటాయిస్తే కొత్తగా గంటలు వెతకనక్కరలేదు. అమ్మాయిలను పంపరన్నది మూడోది. స్త్రీలే శిక్షకులుగా, ఒళ్ళు కప్పే దుస్తులతో, విడి వేళల్లో మొదలుపెడితే ఇది తీరే చిక్కు. వరద వచ్చినప్పుడు చంటిపిల్లలను చంకనెత్తుకునేది ఎక్కువగా ఆడవాళ్ళే కాబట్టి ఈత రావలసింది ముందు వాళ్ళకే. ఖర్చన్నది నాలుగోది. మంచెకు వెదురు, తాళ్ళు, ట్యూబులు, లైఫ్ జాకెట్లు, శిక్షకుల గౌరవవేతనం కలిపినా ఒక పర్వతయాత్ర ఖర్చుతో ఎన్నో బడులు నడపవచ్చు. కష్టమైనది డబ్బు కాదు, మంచి శిక్షకులను తయారుచేయడం. లంకల్లో పడవ నడిపేవాళ్ళు, బెస్తపాళెం యువకులు, ఎన్‌సీసీ, స్కౌట్స్‌లో పనిచేసిన ఉపాధ్యాయులు మనకున్నారు. వాళ్ళ నేర్పును పాఠంగా మలిచే సంస్థ లేదు.

ఆ పాఠం ఎలా ఉండవచ్చో ఊహించడం కష్టం కాదు. ఆరో తరగతిలో గట్టుమీద నిలబడి నీటిని చదవడం, తేలడం. ఏడులో ఈత, ఒడ్డునుంచి తాడు విసిరి లాగడం. ఎనిమిదిలో ఎనిమిది మంది జట్టుగా అరటిబోదెలతోనో, ఖాళీ డ్రమ్ములు, వెదురుతోనో తెప్ప కట్టి, దానిమీద ఒకరిని అవతలి గట్టుకు చేర్చడం. ముడి ఏది వేయాలో, బరువు ఎలా పంచాలో జట్టే నిర్ణయించాలి. తెప్ప విడిపోతే టీచర్ వెంటనే సరిదిద్దకుండా, ఎందుకు విడిపోయిందో వాళ్ళచేతే చెప్పించి మళ్ళీ కట్టించాలి. ఆ చెరువులోనే ఆర్కిమెడీస్ సూత్రమూ ఉంది. తొమ్మిదో తరగతిలో ఊరి పటం గీసి పల్లపు ఇళ్ళను, వృద్ధులున్న ఇళ్ళను గుర్తించి, వరద వస్తే ఎవరిని ఎటు తరలించాలో పంచాయతీ ముందు చెప్పడం. అప్పుడు ఓ రోజు కొండపల్లి అడవిలో నడిచినా, నాగాయలంక వైపు మడ అడవులు చూడబోయినా దానికి అర్థముంటుంది, ఎందుకంటే అది నాలుగేళ్ళ సాధనలో భాగం. పిల్లలు ఎంత ఎదిగారని ప్రశ్నపత్రంతో అడగక్కరలేదు. 25 మీటర్లు ఈదగలరా, తాడు సరిగ్గా విసరగలరా, జట్టులో వెనకబడినవాడిని చేర్చుకోగలరా అన్నది చూస్తే తెలుస్తుంది.

ఎవరెస్టు ఎక్కిన ఇద్దరు పిల్లలు తెలుగు సమాజానికి ఒక గొప్ప అనుమానాన్ని తీర్చారు. పేదింటి పిల్లలకు, గిరిజన తండా ఆడపిల్లకు, అవకాశమూ శిక్షణా ఇస్తే అందనిది లేదని చూపారు. పూర్ణ ఆ తర్వాత ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలనూ 2022 నాటికి ముగించింది. ఆ పని అయిపోయింది. దాన్ని మళ్ళీమళ్ళీ రుజువు చేయనక్కరలేదు. ఇప్పుడు చేయవలసింది ఎంపిక చేసిన కొద్దిమందిని ఎత్తుకు చేర్చడం కన్నా కష్టమైనది, కనబడనిది. కృష్ణా డెల్టాలో పదో తరగతి దాటే ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ ఈదగలగాలి, ఇంకొకరిని ఒడ్డుకు చేర్చగలగాలి. దీనికి పతకాలు రావు, ఫ్లెక్సీలూ పడవు. నీటిలో చనిపోయిన బాలల సంఖ్య ఏటా జిల్లాలో తగ్గుతోందా అన్న ఒక్క లెక్కతో ఈ చదువును కొలవాలి. ఆ లెక్క విద్యాశాఖ వార్షిక నివేదికలో ఉత్తీర్ణతా శాతం పక్కన చోటు సంపాదించిన నాడు సాహస విద్య మన దగ్గర నిజంగా మొదలైనట్టు.